పంపు మీదున్న కిడ్నీ: ఒక్క అంకెను కాదు, గంటల నడకను చూడండి

చందాపురలో గది తీసుకుని, బొమ్మసంద్ర నారాయణ హెల్త్ సిటీ లాంటి ఆస్పత్రుల్లో డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, పెర్‌ఫ్యూజన్ విభాగాల్లో పనిచేస్తున్న తెలుగు యువతీయువకుల కోసం ఈ మాటలు. దాత నుంచి తీసిన కిడ్నీని యంత్రం మీద ఉంచి దాని స్థితిని కనిపెట్టడం మీరు ఇప్పటినుంచే నేర్చుకోవాల్సిన పని.

మన దేశంలో కిడ్నీ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న దాతలవే. కర్ణాటకలో జీవసార్థకతె, తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ద్వారా కేటాయించే బ్రెయిన్‌డెడ్ దాతల కిడ్నీలు చాలావరకు మంచుపెట్టెలోనే ప్రయాణిస్తాయి. కానీ దాత వయసు మీదపడినవారైనా, బీపీ ఉన్నవారైనా ఆ కిడ్నీ మంచులో ఎక్కువ నలుగుతుంది. అక్కడే ఈ యంత్రం, అంటే పంపు, అక్కరకొస్తుంది. 2009లో వెలువడిన ఐరోపా అధ్యయనంలో 336 మంది దాతల నుంచి ఒక కిడ్నీని పంపు మీద, రెండోదాన్ని మంచులో ఉంచారు. మార్పిడి జరిగిన మొదటి వారంలో డయాలసిస్ అవసరమైనవాళ్లు పంపు వైపు నూటికి 20.8, మంచు వైపు 26.5.

చూడాల్సినవి

చల్లటి ద్రవాన్ని పంపు కిడ్నీ రక్తనాళాల్లోకి నెడుతుంది. అప్పుడు తెర మీద ఒత్తిడి, ప్రవాహం, నిరోధం, ఉష్ణోగ్రత కనిపిస్తాయి. ఒత్తిడిని ప్రవాహంతో భాగిస్తే నిరోధం. ఒత్తిడి 30, ప్రవాహం నిమిషానికి 100 మిల్లీలీటర్లు అయితే నిరోధం 0.30. మొదట్లో అది ఎక్కువగా ఉండొచ్చు. నాళాలు వదులయ్యేకొద్దీ ప్రవాహం పెరిగి నిరోధం దిగుతుంది. కాబట్టి మొదటి అంకె చూసి కంగారుపడకండి, చివరి అంకె ఒక్కటే చూసి తృప్తిపడకండి. ఎంతసేపట్లో ఎంత దిగిందో రాసిపెట్టండి.

నిరోధం దిగకపోతే కిడ్నీని అనుమానించేముందు గొట్టాన్ని అనుమానించండి. ట్యూబు మడతపడిందా, గాలి బుడగ ఉందా, ధమనిలో పెట్టిన క్యాన్యులా పక్కకు తిరిగిందా, ఎక్కడైనా కారుతోందా చూడండి. అంకె అందంగా కనబడాలని ఒత్తిడి పెంచొద్దు, నాళాలు దెబ్బతింటాయి. డాక్టరు చెప్పి మార్పిస్తే సమయంతో సహా రాయండి, లేకపోతే ముందువెనకల లెక్కలను పోల్చలేం.

చెప్పాల్సిన తీరు

సర్జన్‌కు ఫోన్ చేసినప్పుడు “కిడ్నీ బాగుంది సార్” అనకండి. ఇలా చెప్పండి: “సార్, పెట్టినప్పుడు నిరోధం 0.55 ఉంది, రెండు గంటలకు 0.32కి వచ్చింది. ఒత్తిడి 30 దగ్గరే ఉంచాం. ట్యూబులు సరిచూశాను, లీకు లేదు.” తీర్పు ఆయన చెబుతారు, ఆ తీర్పుకు ఆధారం మీరిస్తారు.

నిరోధం ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో కిడ్నీని పక్కన పడెయ్యకూడదు. 2009 అధ్యయనంలోని కిడ్నీలనే తర్వాత పరిశీలిస్తే, నిరోధానికీ కిడ్నీ ఆలస్యంగా పనిచేయడానికీ సంబంధం కనిపించింది కానీ, దాన్నిబట్టే జోస్యం చెప్పేంత బలం కనిపించలేదు. ద్రవంలోకి చేరే ఎంజైములదీ అదే కథ. దాత వయసు, క్రియాటినిన్, బయాప్సీ, చల్లదనంలో గడిచిన గంటలు, కిడ్నీ రంగు అన్నీ కలిపి చూడాలి.

ఎర్రరక్తకణాలున్న వెచ్చటి ద్రవంతో కిడ్నీని నడిపే పద్ధతి కూడా ఉంది. బ్రిటన్‌లో నికల్సన్, హోస్‌గుడ్ బృందం కిడ్నీ రూపం, రక్తప్రవాహం, మూత్రం చూసి 1 నుంచి 5 దాకా మార్కులు వేసే విధానం తెచ్చింది. 1 అంటే మేలైనది. అయితే గంటసేపు వెచ్చగా నడిపినంత మాత్రాన మార్పిడి తర్వాత డయాలసిస్ అవసరం తగ్గలేదని 2023లో వాళ్ల ట్రయలే చూపింది. యంత్రం అమ్మేవాళ్లు గొప్పలు చెబితే ఏ కిడ్నీల మీద, దేనితో పోల్చి చెబుతున్నారో అడగండి.

ఉద్యోగానికి దారి

హార్ట్-లంగ్ మెషీన్ మీద పనిచేసిన పెర్‌ఫ్యూజనిస్టులకు ఒత్తిడి, ప్రవాహాల లెక్క కొత్త కాదు. డయాలసిస్ టెక్నీషియన్లకూ సగం పరిచయమే. రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద పెర్‌ఫ్యూజన్ టెక్నాలజీ బీఎస్సీ ఉంది. కుటుంబాలతో మాట్లాడే పని ఇష్టమైతే మోహన్ ఫౌండేషన్ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ శిక్షణ ఇస్తుంది. ఈ వృత్తులకు గుర్తింపునిచ్చే జాతీయ చట్టం 2021లో వచ్చింది, రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోండి.

ఆన్‌కాల్ డ్యూటీ ఒప్పుకునేముందు రవాణా ఎవరిదో తేల్చుకోండి. 2025 ఆగస్టు నుంచి మెట్రో బొమ్మసంద్ర దాకా వస్తోంది కానీ, అర్ధరాత్రి దాటాక వచ్చే కిడ్నీకి అది అక్కరకు రాదు. రాతపూర్వక ప్రొటోకాల్ అడగండి. ఎన్ని నిమిషాలకోసారి రాయాలి, ఏ మార్పుకు ఎవరికి ఫోన్ చేయాలి, తుది నిర్ణయం ఎవరిది అన్నవి అందులో ఉండాలి.

మరచిపోయిన అంకెను తర్వాత ఊహించి నింపొద్దు. ఆ గడి ఖాళీగా వదిలి కారణం రాయండి. ఒక కుటుంబం పుట్టెడు దుఃఖంలో ఇచ్చిన కిడ్నీ అది. పనికొచ్చేదాన్ని పారేసినా, పనికిరానిదాన్ని పెట్టినా నష్టపోయేది ఏళ్లుగా డయాలసిస్ మీద బతుకుతున్న మనిషే. మీ చార్టు నిజం చెబితేనే డాక్టరు సరైన నిర్ణయం తీసుకోగలరు.