క్లయింటు ఎదురుగా మన కంచం

క్లయింటుతో భోజనానికి వెళ్లాల్సి వస్తే వీగన్లలో చాలామందికి తిండి దొరకదేమో అన్న దిగులు కన్నా, "నా వల్ల వాళ్లకు ఇబ్బంది కదా" అన్న దిగులే ఎక్కువ. ఆ మొహమాటంతో కొందరు ఆకలి లేదని చెప్పి కీర ముక్కలు కొరుకుతూ కూర్చుంటారు. కొందరు ఆ ఒక్క పూటకీ నియమం పక్కన పెట్టి, ఇంటికెళ్లాక తమ మీద తామే కోపం తెచ్చుకుంటారు. రెండూ అక్కర్లేదు.

మన దగ్గర "ఈ రోజు శనివారమండీ, ముట్టను" అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అయ్యప్ప మాలలో ఉన్నాయన వచ్చినా, జైన మిత్రుడు ఉల్లి వద్దన్నా అందరూ ఇట్టే సర్దుకుంటారు. ఆ మాట చెప్పేవాళ్లు క్షమాపణ అడగరు, గొప్పా చెప్పుకోరు. వీగన్‌కు వారం, దీక్ష వంటి ఆసరా లేదు కాబట్టి సంజాయిషీ ఇచ్చుకోవాలనిపిస్తుంది. ఇవ్వకండి. "నేను పాలు, పెరుగు, నెయ్యి కూడా తీసుకోనండీ. మీకు ఇష్టమైనవి మీరు చెప్పండి" అని నవ్వుతూ ఒక్కసారి అనేసి, మాటను వాళ్ల వైపు తిప్పేయండి.

అంత తేలిగ్గా అనగలగాలంటే ముందురోజే కొంత పని చేసుకోవాలి. హోటల్ ఎంపిక మనదైతే క్లయింటుకు మటన్ బిర్యానీ, మనకు బగారా బైంగన్, రెండూ బాగుండే చోటు చూడాలి. అతిథికి చెప్పకుండా వీగన్ హోటల్‌కు తీసుకెళ్లడం నాకు మర్యాదగా తోచదు. ఆ విందు ఆయన కోసం. ఎంపిక వాళ్లదైతే మధ్యాహ్నం రద్దీ తగ్గాక హోటల్‌కు ఫోన్ చేయండి. "వీగన్ ఉందా?" అంటే చాలాచోట్ల "ప్యూర్ వెజ్ ఉంది సార్" అంటారు. వాళ్ల తప్పు లేదు. మన దేశంలో పాలు, తేనె ఉన్న ప్యాకెట్ మీదా పచ్చచుక్కే ఉంటుంది. వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు వచ్చింది 2022లోనే. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, మీగడ, పనీర్, తేనె, గుడ్డు అని పేరు పేరునా అడగండి.

వంటకాల గుట్టు తెలిస్తే ఇంకా సులువు. బగారా బైంగన్‌కు, మిర్చీ కా సాలన్‌కు చిక్కదనం పల్లీలు, నువ్వులు, కొబ్బరి నుంచి వస్తుంది, పులుపు చింతపండుది. వెజ్ బిర్యానీలో మాత్రం పెరుగో నెయ్యో తరచూ ఉంటుంది. నాన్ పిండిలో పెరుగో పాలో కలుపుతారు. దాని బదులు తందూరీ రోటీ వెన్న రాయకుండా తెమ్మనవచ్చు. గోంగూర పప్పుకు తాలింపు దేనితో పెట్టారో కనుక్కుంటే చాలు. ఖుబానీ కా మీఠా మీగడ లేకుండా తెప్పించుకోవచ్చు. థాయ్ హోటళ్లలో మరింత జాగ్రత్త: కూరగాయల కూరలోనూ చేపల సాస్, రొయ్యల ముద్ద ఉండొచ్చు.

ఇంత చెప్పినా పప్పు మీద నెయ్యి తేలుతూ రావచ్చు. గిన్నె పక్కకు జరిపి, వెయిటర్‌ను దగ్గరికి పిలిచి, మార్చమని మెల్లగా అడగండి. పొరపాటు చేసిన మనిషితో మనం ఎలా మాట్లాడతామో క్లయింటు చూస్తూనే ఉంటారు. రేపు ఆయన పనిలో చిక్కు వస్తే మనమెలా ఉంటామో ఆయనకు అక్కడే కొంత తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టం, ఆప్యాయంగా బలవంతం చేసేవాళ్లతో. "నా కోసం ఒక్క ముద్ద" అన్నప్పుడు ఉత్త "వద్దు" వాళ్ల మనసు నొప్పిస్తుంది. ప్రేమను అందుకుని పదార్థాన్ని వదలాలి: "మీరు ఇంతగా అడిగారు, అదే చాలండీ. ఆ వంకాయ కూర ఇంకాస్త వడ్డించండి." వడ్డించిన తృప్తి వాళ్లకు దక్కుతుంది, మన నియమం మనకు మిగులుతుంది.

"ఎందుకు మానేశారు?" అని అడిగితే రెండు ముక్కల్లో చెప్పండి. ఎదుటివాళ్ల కంచంలో మాంసం ఉండగా డెయిరీల్లో దూడల సంగతి ఎత్తకండి. ఆ మూగజీవాల బాధ చిన్న విషయం కాదు. రోటీకీ రోటీకీ మధ్య హడావుడిగా చెప్పి ముగించేది అసలే కాదు. నిజంగా తెలుసుకోవాలనుకున్నవారు బిల్లు కట్టాక కారు కోసం ఎదురుచూస్తున్నప్పుడో, మరో రోజు ఫోన్‌లోనో మళ్లీ అడుగుతారు. అప్పుడు ఏదీ దాచకుండా, తీరిగ్గా చెప్పండి.