రాగి, అమైనో ఆమ్లాలు: స్ఫటికం చెప్పే పాఠం

మన శరీరానికి రాగి కావాలి. పెద్దవారికి రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము చాలు. తక్కువైనా, మితిమీరినా ముప్పే. అందుకే రక్తంలో రాగి విడిగా తిరగదు; ప్రోటీన్లు, అమైనో ఆమ్లాలు దాన్ని పట్టుకొని ఉంటాయి. ఆ పట్టు ఎలాంటిదో తెలుసుకుందాం.

ముందు తేలికైన ఉదాహరణ చూద్దాం. అమైనో ఆమ్లాలలో అతి చిన్నది గ్లైసీన్. దానిలోని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు పీత డెక్కల్లా రాగి అయాన్‌ను రెండు చోట్ల పట్టుకుంటాయి. దీన్నే కీలేషన్ అంటాం. రెండు గ్లైసీన్లు కలిస్తే రాగి చుట్టూ నాలుగు పరమాణువులు చతురస్రంగా నిలుస్తాయి. రెండు నైట్రోజన్లూ పక్కపక్కన ఉంటే సిస్ రూపం, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్ రూపం.

ఇదంతా కంటికి కనబడదు. రాగికి, ఆ పరమాణువులకు మధ్య దూరం సుమారు రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. అందుకే స్ఫటికం మీదికి ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరి ఏర్పరచే చుక్కలను లెక్కగట్టి పరమాణువుల స్థానాలు తెలుసుకుంటారు.

ఇప్పుడు హిస్టిడిన్ సంగతి. దీని పక్క గొలుసులో మరో నైట్రోజన్ ఉండటంతో పట్టు మారుతుంది. మానవ రక్తంలో రాగి-హిస్టిడిన్ సంశ్లిష్టం ఉందని 1960లలో టొరాంటోలో బిబుధేంద్ర సర్కార్ బృందం గుర్తించింది. దాని స్ఫటిక నిర్మాణం 2004లో గాని వెలువడలేదు. అందులో ఒక హిస్టిడిన్ రాగిని మూడు చోట్ల, రెండోది రెండు చోట్ల పట్టుకొని ఉన్నాయి.

ఈ చదువు పసిబిడ్డల ప్రాణాలకు సంబంధించినది. 1962లో జాన్ మెంకెస్ వర్ణించిన జబ్బులో బిడ్డ వెంట్రుకలు మెలితిరిగి పెళుసుబారతాయి, మూర్ఛలు వస్తాయి, ఎదుగుదల ఆగుతుంది. కారణం రాగి లోపమేనని 1972లో డేవిడ్ డాంక్స్ చూపారు. జన్యులోపం వల్ల పేగు నుంచి రాగి రక్తంలోకి చేరదు. కనుక రాగి చెంబులో నీళ్లు తాగించినా ఫలితం ఉండదు. రాగి-హిస్టిడిన్‌ను చర్మం కింద సూదిమందుగా ఇస్తారు. పుట్టిన తొలి వారాల్లోనే మొదలుపెడితే మేలు ఎక్కువ. అందరు బిడ్డలకూ ఒకే ఫలితం రాదు. ఇలాంటి లక్షణాలు కనబడితే ఆలస్యం చేయక పిల్లల వైద్యునికి చూపించాలి.

రాగి అదే, దాన్ని పట్టుకున్న అణువును బట్టి అది మందుగా పనికొస్తుంది. రసాయనశాస్త్రంలో నిర్మాణాన్ని ఎందుకు చదువుతామో విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.