అక్కడికక్కడే రాజీ పడితే సరిపోతుందా?

ప్రశ్న: నా కారు తగిలి బైకు మీద వెళ్తున్నాయన కింద పడ్డాడు. మోచేయి గీసుకుపోయింది. రెండు వేలిచ్చి రాజీ పడ్డాం. ఇంకా పోలీసులకు, బీమా కంపెనీకి చెప్పాలా?

జవాబు: చెప్పాలండీ. గాయం చిన్నదా పెద్దదా అన్నది ఆ రోజు తేలే విషయం కాదు. వారం తర్వాత ఆయనకు ఎముక చిట్లిందని తెలిసి పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్తే, మీ రెండు వేలకు రసీదైనా ఉండదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటల్లోపు దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. బీమా కంపెనీకి పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చోటు, గాయపడినవారి వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

‘చెబితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది కదా’ అని చాలామంది వెనకాడతారు. ఆ భయం సగం అపోహే. మీ కారు రిపేరుకు క్లెయిమ్ చేస్తేనే బోనస్‌కు గండి. అవతలివారికి కంపెనీ చెల్లించే థర్డ్ పార్టీ పరిహారంతో దానికి సంబంధం లేదు. గడువు దాటినా సరే, ఇవాళే స్టేషన్‌కు వెళ్లి జరిగింది చెప్పండి, కంపెనీకీ రాయండి.