గట్టున గడిపిన మూడు దినములు

పాఠము: యెహోషువ 3, 4 అధ్యాయములు



పరిశుద్ధ దేశయాత్ర చేసి వచ్చిన మనవారు కొందరు, "యొర్దాను అంటే ఏమో అనుకున్నామండి, మా ఊరి పంట కాలువంత కూడా లేదు" అని చెప్పగా విని యున్నాము. వారు చూచినది నిజమే. 1964వ సంవత్సరము మొదలుకొని గలిలయ సముద్రపు నీటిని కాలువలద్వారా, గొట్టములద్వారా దక్షిణ ప్రాంతములకు తరలించుచు వచ్చిరి. ఉపనదుల నీరును పొలములకు, పట్టణములకు పోవుచున్నది. అయితే యెహోషువ యెదుట నున్న నది అది కాదు. కోతకాలమంతయు యొర్దాను దాని గట్లమీద పొర్లి పారునని 3వ అధ్యాయము 15వ వచనములో ఉన్నది.

ఇక్కడ మన రైతు సోదరులు ఆగి, కోతలనాడు వరద యేమిటని అడుగుట న్యాయమే. మన గోదావరికి, కృష్ణకు జూలై, ఆగస్టు నెలలలో వరద వచ్చును. వరి కోతల నాటికి నీరు తగ్గి ఇసుకతిన్నెలు బయటపడును. కనానులో అట్లు కాదు. అక్కడ వానలు చలికాలమున కురియును. ఆ వాననీటితో హెర్మోను కొండమీది మంచు కరిగిన నీరును కలిసి, సరిగా యవలు కోతకు వచ్చు మార్చి, ఏప్రిల్ నెలలలో నది నిండును. జనులు దాటినది మొదటి నెల పదియవ దినమని 4:19లో ఉన్నది గదా. రాహాబు మిద్దెమీద జనుపకట్టె రాశి వేసియుండుట (2:6) కూడ ఆ కాలమునకే సరిపోవుచున్నది.

ఆ నదికి రేవులు లేకపోలేదు. వేగులవారిని తరిమినవారు రేవుల వరకు పోయిరి (2:7). కొన్ని నెలలు ఆగినయెడల బిడ్డలతోను పశువులతోను దాటదగిన చోట్లు దొరికియుండును. ఏడాదిలో దాటుటకు వీలులేని నెలలోనే దేవుడు తన ప్రజలను ఆ గట్టునకు తెచ్చెను. తెచ్చి, వెంటనే దాటింపలేదు. మూడు దినములు అక్కడనే ఉంచెను (3:2).

ఈ మూడు దినములను మనము సాధారణముగా ఒక్క వాక్యములో చదివి దాటిపోవుదుము. ప్రసంగములలోను అంతే; మేమును అట్లే చేసితిమి. కాని అక్కడ దిగిన తల్లుల సంగతి ఆలోచించుడి. తెల్లవారి లేచి గుడారము తెర తీయగానే ఎదుట బురదనీరు, కొట్టుకొని పోవుచున్న చెట్లకొమ్మలు. రెండవ దినమునను అదే, మూడవ దినమునను అదే. ఎట్లు దాటుదుమో ఆ దినములలో జనులకు తెలియజేసినట్లు వాక్యములో కనబడదు.

కొంతకాలము క్రిందట మా సంఘములో ఒక సహోదరిని చూడబోయితిమి. ఆమె భర్త పక్షవాతముతో మంచము పట్టి అప్పటికి మూడవ యేడు. ప్రార్థన చేయబోవుచుండగా ఆమె, "అయ్యగారూ, ఎర్ర సముద్రం పాయలైన సంగతి మీరు ఎప్పుడూ చెప్తూనే ఉంటారు. మా ఇంట్లో నీళ్లు ఒక్క అంగుళం కూడా తగ్గలేదండి" అనెను. ఆ దినమున మా యొద్ద జవాబు లేకపోయెను. ప్రార్థించి వచ్చేసితిమి.

ఇంటికి వచ్చి ఈ అధ్యాయములు మరల చదివితిమి. ఎర్ర సముద్రమునొద్ద రాత్రియంతయు గాలి విసరెను. నేల ఆరిన తరువాత జనులు అడుగుపెట్టిరి (నిర్గమ 14:21, 22). యొర్దానునొద్ద అట్లు కాదు. మందసము మోయు యాజకుల కాళ్లు నీటి అంచున మునుగువరకు నీరు కదలలేదు. మొదట తడిసినవి వారి పాదములే. ఆ సహోదరికి మేము చెప్పుచు వచ్చినది ఒక నదిగురించి. ఆమె నిలిచియున్నది మరియొక నది గట్టున.

ఇది విని ఎవరైనను వరదలో దూకుటయే విశ్వాసమని తలంచవద్దు. యాజకులు ఆజ్ఞ పొంది దిగిరి. ఆజ్ఞ లేకయే కొండమీదికి ఎక్కినవారికి ఏమి సంభవించెనో సంఖ్యాకాండము 14వ అధ్యాయము చివర చూడుడి. దేవుని నమ్మితిమని చెప్పి వైద్యుడిచ్చిన మందులు మానివేయుట, తీర్చు దారి లేక అప్పు చేయుట, ఇవి యొర్దాను దాటుట కాదు. ఈ మాట మేము కొంచెము గట్టిగానే చెప్పుచున్నాము; ఏలయనగా అట్లు మందులు మానినవారి యిండ్లకు మేము పోవలసి వచ్చినది.

నీరు ఎక్కడ ఆగెను? జనుల కన్నుల యెదుట కాదు, బహు దూరమున ఆదామను పురమునొద్ద (3:16). పండితులు గుర్తించిన ఆ స్థలము యెరికో ఎదుటి రేవునకు 25 కిలోమీటర్లకు పైగా ఎగువను ఉన్నది. ఆ ప్రాంతముననే 1267వ సంవత్సరమున గట్టు విరిగిపడి నది కొన్ని గంటలు ఆగెనని ఒక అరబ్బు చరిత్రకారుడు వ్రాసెను. దీనినిబట్టి కొందరు ఇది అద్భుతము కాదందురు. విరిగినది గట్టే యైనను, ఆ పాదములు తడిసిన గడియకే అది విరుగుట ఎవరి పని? గట్టున నున్నవారిలో ఒక్కడును ఆదామునొద్ద జరిగినది చూడలేదు.

తరువాత మమ్మును ఎక్కువగా ఆపినది 17వ వచనము. జనులు త్వరపడి దాటిపోయిరి. యుద్ధసన్నద్ధులే 40,000 మంది. వారుగాక స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, మందలు. వారందరు దాటువరకు యాజకులు మందసము భుజముల మీద పెట్టుకొని నది నడుమ నిలిచిరి. ముందుగా దిగినవారే చివర ఎక్కినవారు. ఎగువను ఆగిన నీరు ఏ క్షణమున వచ్చునో యను తలంపు వారికి కలుగకుండునా? నడుచుటకంటె ఆ నిలుచుట కష్టము. మన సంఘములలో అట్లు నిలిచియున్నవారు ఉన్నారు. తమ్ములు చదువుకొని, చెల్లెండ్రు పెండ్లిండ్లు చేసికొని దాటిపోవుచుండగా, బరువు దింపక నడుమ నిలిచిన అన్నలను, అక్కలను మీరును ఎరుగుదురు.

ఇంకొక సంగతి దాచరాదు. ఇదే నదిని దాటనిమ్మని మోషే బ్రతిమాలుకొనెను, దేవుడు ఇక ఆ మాట ఎత్తవద్దనెను (ద్వితీ. 3:23-27).  ఆ నిరాకరణ తరువాతను అతడు దేవుని సేవ మానలేదు. యెహోషువను ధైర్యపరచి, కొండ యెక్కి దూరమునుండి ఆ దేశమును చూచెను. అందుచేత ఆ సహోదరితో, మీ భర్త తప్పక లేచి నడుచునని మేము చెప్పలేదు. ఈ రెండు అధ్యాయములు ఆమె ప్రక్కను కూర్చుండి చదివితిమి.

ఆమె 4:9 నొద్ద ఆపి మరల చదువుమనెను. గిల్గాలున నిలిపిన పండ్రెండు రాళ్లు అందరికి తెలిసినవే. యాజకుల కాళ్లు నిలిచిన చోట, నది నడుమ, యెహోషువ మరి పండ్రెండు రాళ్లు నిలువబెట్టించెను. నీరు మరల వచ్చి వాటిని కప్పెను. "అంటే అవి ఎవరికీ కనపడవన్నమాట" అని ఆమె అనెను. అవునంటిమి. ఆమె లేచి, భర్తను మరియొక ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టి, తిరిగి వచ్చి కూర్చుండెను.