చదివినవాడు ఆగేలా రాయి

చి. సుధకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం కంటే ముందే మీ అమ్మ ఫోన్ వచ్చింది. క్వాలిటీ మేనేజర్ పదవి ఇస్తామంటే వద్దంటున్నావనీ, టెస్టింగే వదిలేసి డెవలప్‌మెంట్‌లోకి పోతానంటున్నావనీ, మనిషి సగమైపోయావనీ ఒకే గుక్కలో చెప్పింది. మూడో సంగతికి మందు మీ అమ్మ చేతిలోనే ఉంది, ఆదివారం ఇంటికి వెళ్లి రెండు పూటలా కడుపునిండా తిను. మొదటి రెండింటికీ నువ్వు కారణాలు రాశావు. ఏఐ టెస్ట్ కేసులు తనే రాసేస్తోందట, పెద్ద కంపెనీలు టెస్టర్లను వదిలించుకుంటున్నాయట, రిలీజ్ రోజున క్వాలిటీ మేనేజర్ మాట ఎవరూ వినరట. మూడూ తేలిగ్గా కొట్టిపారేసే మాటలు కావు. అయినా మూడూ కలిపి చూసినా నువ్వు పారిపోవాలని మాత్రం తేలదు. ఎందుకో వివరంగా రాస్తాను. ఆడిట్ శాఖలో జీవితం గడిపినవాడి ఉత్తరం పొడుగ్గానే ఉంటుందని నీకు తెలుసు కనుక ఓపిక పట్టు.

సాఫ్ట్‌వేర్ వల్ల జరిగిన పెద్ద నష్టాల మీద వచ్చిన విచారణ నివేదికలు తిరగేస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. తప్పు ఎవరి కంటా పడకపోవడం అరుదు. ఎవరో చూసి ఉంటారు, లేదా యంత్రమే చెప్పి ఉంటుంది, లేదా ఏ ఫైల్లోనో రాసి ఉంటుంది. నిర్ణయం తీసుకునే మనిషికి మాత్రం అది అర్థమయ్యే రూపంలో, వేళకి చేరదు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల బ్రోకరేజీ సంస్థనే చూడు. 2012 ఆగస్టు 1న కొత్త ప్రోగ్రామ్‌ను ఎనిమిది సర్వర్లలో పెట్టాల్సి ఉండగా ఒక దాన్ని మర్చిపోయారు. దానిలో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మేలుకుని, ఎవరూ అడగని ఆర్డర్లు పంపుతూ పోయింది. ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ పొద్దున మార్కెట్ తెరవకముందే ఆ తప్పును పేర్కొంటూ సిస్టమ్ నుంచి సిబ్బందికి 97 ఈమెయిళ్లు వెళ్లాయని అక్కడి నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది. తొంభై ఏడు! అవి హెచ్చరికల్లా రూపొందించినవి కావు, వాటిని చూసే అలవాటూ ఎవరికీ లేదు. ఆ పొద్దున ఆ సంస్థకు కావలసింది ఇంకొక టెస్ట్ కేసు కాదు. ఆ 97లో ఒక్కదాన్నైనా చదివించే మనిషి కావాలి. క్వాలిటీ మేనేజర్ ఉద్యోగాన్ని నేను అర్థం చేసుకున్న తీరు ఇది: ప్రమాదం గురించి సంస్థలో ఎక్కడో ఉన్న ఎరుకను నిర్ణయించేవాడి బల్ల మీదికి తేవడం.

థెరాక్-25 గురించి నీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు, రేస్ కండిషన్ పాఠంగా. నేను చూడమనేది ఆ కథలో వేరే చోటు. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఈ రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 లోపు ఆరుగురు రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చింది. టెక్సాస్‌లో టైలర్ అనే ఊరి ఆసుపత్రిలో 1986 మార్చి 21న అలా జరిగినప్పుడు తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని పడింది. అలాంటి అంకెల సందేశాలు ఆ యంత్రంలో తరచూ వచ్చేవి, వచ్చినప్పుడల్లా ఒక మీట నొక్కి పని సాగించడం ఆపరేటర్లకు అలవాటైపోయింది. 54 అంటే రోగికి ఏం జరుగుతున్నట్టో వాళ్లకు ఇచ్చిన పుస్తకాల్లో అర్థమయ్యే మాట లేదు. కంపెనీ ఇంజనీర్లు వచ్చి పరీక్షించారు, ఆ లోపాన్ని మళ్లీ రప్పించలేకపోయారు, యంత్రం మళ్లీ వాడుకలోకి వెళ్లింది. ఏప్రిల్ 11న ఇంకో రోగికి అదే జరిగింది. అప్పుడు ఆ ఆసుపత్రి ఫిజిసిస్టూ, ఆ ఆపరేటరూ కూర్చుని, ఆ రోజు ఏ మీట తర్వాత ఏ మీట నొక్కిందో గుర్తు తెచ్చుకుంటూ, మళ్లీ మళ్లీ చేసి చూసి పట్టుకున్నారు. అలవాటైన చేయి వేగంగా టైపు చేసి, తప్పును వెంటనే దిద్దుకుంటేనే ఆ లోపం బయటపడుతుంది. నిదానంగా, జాగ్రత్తగా పరీక్షించేవాళ్లకు అది చిక్కదు. ఈ ఒక్క ఉదంతంలోనే నీ వృత్తి మొత్తం ఉంది. లోపాన్ని పట్టింది వాడే మనిషిని గమనించిన కన్ను. అసలు ప్రమాదాన్ని దాచిపెట్టింది మాత్రం అర్థంపర్థం లేని ఒక వాక్యం.

వాక్యం అన్నాను కదా, ఇక నన్నాపలేవు. మన కల్పనా చావ్లా వెళ్లిన కొలంబియా అంతరిక్ష నౌక సంగతి సాఫ్ట్‌వేర్‌ది కాదు కానీ పరీక్షల నివేదిక ఎలా రాయకూడదో చెప్పడానికి దానికంటే పెద్ద పాఠం లేదు. 2003 జనవరిలో నౌక పైకి లేస్తుండగా ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు లెక్కలు వేసి నాసాకు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడ్ శీర్షిక చదివితే పాత పరీక్షల ఫలితాలు భరోసా ఇస్తున్నాయనే అనిపిస్తుంది. అదే స్లైడ్‌లో అట్టడుగున, చిన్న అక్షరాల్లో అసలు మాట ఉంది: పాత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలింది 1,920. అంటే 640 రెట్లు పెద్దది. అంటే పాత పరీక్షలు ఈ దెబ్బ గురించి ఏమీ చెప్పలేవు. ఫిబ్రవరి 1న నౌక తిరిగొస్తూ ముక్కలైంది, ఏడుగురూ పోయారు. విచారణ బోర్డు తన నివేదికలో ఆ స్లైడ్ అమరికను ప్రత్యేకంగా తప్పుపట్టింది. నిజం రాయలేదని వాళ్లను అనలేం. రాయవలసిన చోట రాయలేదు, అంతే.

నువ్వు నమూనాకని పంపిన డిఫెక్ట్ రిపోర్టు చూశాను. "పేమెంట్ పేజీ కొన్నిసార్లు సరిగా రావడం లేదు, స్క్రీన్‌షాట్ జతచేశాను." తల్లీ, దీన్ని చదివి ఏ డైరెక్టరు ఆగుతాడు? ఆరు వరుసల కింద నువ్వే రాశావు, ఓటీపీ వచ్చాక వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కితే కస్టమర్ ఖాతాలోంచి డబ్బు రెండుసార్లు పోతోందని. అది మొదటి వాక్యం కావాలి. ఎవరికి నష్టం, ఏం చేస్తే వస్తుంది, ఇలాగే వదిలేస్తే సోమవారం పొద్దున ఏమవుతుంది, ఇవి లేకుండా పేరా ముగించకు. 'కొన్నిసార్లు' అనే మాట నీ రిపోర్టుల్లో కనబడకూడదు, ఇరవైసార్లు చేస్తే మూడుసార్లు వచ్చిందని రాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కల పట్టికలు వద్దు, పూర్తి వాక్యాలు కావాలి. పట్టికలో పసుపు చుక్క పెడితే రాసినవాడికీ చదివినవాడికీ ఇద్దరికీ నిద్ర పడుతుంది. ముందు మీ అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులో పెట్టు, ఆవిడకు అర్థమైతే ప్రపంచంలో ఎవరికైనా అర్థమవుతుంది. ఏ లోపం ముందు చూడాలో తేల్చే ట్రయేజ్ మీటింగుకు వెళ్లే ముందు పైకి చదువుకో. రెండు పేజీలయితే ఒకటి చింపెయ్. మా ఆడిట్ అభ్యంతరాలూ అంతే: ఎంత సొమ్ము, ఏ నిబంధన, ఎవరి బాధ్యత అన్నవి లేని పేరాను ఆఫీసు ఫైలు మింగేస్తుంది. రేపు నీ కిందికి మనుషుల్ని తీసుకునేటప్పుడు కూడా సెలీనియం అనే టెస్టింగ్ టూల్ వచ్చా అని అడగకముందే ఒక పేరా రాయించు. అమీర్‌పేటలో సెలీనియం నేర్పుతామనే బోర్డులు సందుసందునా ఉంటాయి, వాక్యం రాయడం నేర్పే బోర్డు ఒక్కటి చూపించు. పెదనాన్నకు రాతపిచ్చి అని మీ తమ్ముడు నవ్వుతాడు, నవ్వనీ.

ఇక నీ అభ్యంతరాలు. ఏఐ టెస్టులు రాస్తుంది, నిజమే, నీకంటే వేగంగా రాస్తుంది. అయితే ఉన్న కోడ్‌ను చూసి రాసిన టెస్టు ఆ కోడ్ ఏం చేస్తోందో చెబుతుంది, ఏం చెయ్యాలో దానికి వేరేచోటి నుంచి తెలియాలి. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయి, మన హైదరాబాద్ విమానాశ్రయంలో కూడా బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు కదా. అక్కడ టెస్టులు లేకపోలేదు, అన్నీ పాసయ్యాయి కూడా. ఒకవైపు 21 ఫీల్డులు ఉండాలని నిర్ణయించారు, మరోవైపు ప్రోగ్రామ్ 20 మాత్రమే అందిస్తోంది. పరీక్షల్లో ఆ ఇరవై ఒకటో దానికి ఏదైనా సరే అన్న గుర్తు వాడినందువల్ల ఆ తేడా బయటపడలేదు. ఆ రోజు మొదటిసారి అక్కడ అసలు విలువ కావలసి వచ్చింది, లేని చోట చదవబోయి యంత్రం కూలింది. ఇలాంటి చోట టెస్టులు వెయ్యి ఉన్నా పదివేలున్నా ఒకటే. ఆ ఇరవై ఒకటో ఫీల్డును ఎవరైనా నిజంగా పరీక్షించారా అని అడిగే మనిషి కావాలి. టెస్టులు రాసే పని చవక అయ్యేకొద్దీ ఆ ప్రశ్న వేసేవాళ్ల గిరాకీ పెరుగుతుంది. టెస్ట్ కేసుల లెక్క చూపించి బతికే ఉద్యోగాలు పోతాయి, ఆ మాట నేను దాచను. నీకిస్తామంటున్నది ఆ ఉద్యోగం కాదు.

పెద్ద కంపెనీల మాట. మన సత్య నాదెళ్ల సీఈఓ అయిన 2014లోనే మైక్రోసాఫ్ట్ విడిగా ఉన్న టెస్టింగ్ కొలువులను చాలావరకు తీసేసి ఆ పని డెవలపర్లకు కలిపింది. నాణ్యత చివర తనిఖీతో రాదు, తయారీలోనే రావాలని నాణ్యతా నిపుణుడు డెమింగ్ ఎన్నడో చెప్పాడు, ఆ వాదనలో బలముంది. కానీ 2018 అక్టోబరులో ఏమైందో చూడు. విండోస్ 10 అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లను తుడిచేస్తోందని దాన్ని ఆపేయాల్సి వచ్చింది. ముందే వాడి చూసినవాళ్లలో కొందరు ఆ సంగతిని కంపెనీ ఫీడ్‌బ్యాక్ వేదికలో రాసే ఉన్నారు. రాసినవాళ్లు కొద్దిమందే కనుక గుంపులో అది కలిసిపోయింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ చేసిన దిద్దుబాట్లలో ఒకటేమిటో తెలుసా? లోపం ఎంత తీవ్రమో చెప్పే వీలు ఆ వేదికలో కల్పించింది. అంటే సివియారిటీ! మీ ట్రయేజ్ మీటింగులో రోజూ పోట్లాడుకునే మాటే. టెస్టర్లను తీసేసినందువల్లే ఆ తప్పు జరిగిందని వాదించను. టెస్టర్ కుర్చీ తీసేసినా ఏది ముందు చదవాలో తేల్చే పని మాత్రం అక్కడే ఉండిపోయిందంటున్నాను.

అసలు కష్టమైన అభ్యంతరం మూడోది, బాగా రాసినా ఎవరూ వినరని. దీనికి ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదం ఉంది సాక్ష్యం. రాకెట్ అతుకుల దగ్గరి రింగులు విఫలమైతే మనుషుల ప్రాణాలు పోతాయని రోజర్ బోయిజోలీ అనే ఇంజనీరు 1985 జూలైలోనే తన కంపెనీ పెద్దలకు ఉత్తరం రాశాడు. నా రాతపిచ్చికి కూడా సరిపోయేంత సూటిగా రాశాడు. 1986 జనవరి 28న జరిగిన ఆ ప్రయోగానికి ముందు రాత్రి కూడా ఇంజనీర్లు చలిలో ప్రయోగం వద్దన్నారు. వాళ్ల యాజమాన్యమే ఆ సలహాను తిరగేసింది. ఆ సలహా మొదట వద్దనే ఉందని ప్రయోగానికి తుది ఆమోదం ఇచ్చినవాళ్లకు తెలియనే తెలియదని అధ్యక్షుడు నియమించిన కమిషన్ తేల్చింది. ఒక్క మెట్టు ఎక్కి ఆగిపోయింది ఆ వాక్యం. బ్రిటన్ పోస్టాఫీసు హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వ్యవహారమూ అలాంటిదే. తెలిసిన లోపాల చిట్టా దాన్ని తయారుచేసిన ఫుజిట్సు లోపలే ఉండగా, లెక్కలు తేడా వచ్చాయని 900 మందికి పైగా పోస్టాఫీసు నడిపేవాళ్లను దోషులుగా నిలబెట్టారు, వాళ్లలో భారత సంతతివాళ్లూ ఉన్నారు. చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేయడానికి 2024 దాకా పట్టింది.

కాబట్టి రాత ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. రాసింది పైదాకా పోయే దారి కావాలి. పదవి తీసుకునే ముందు బేరమాడవలసింది ఆ దారి గురించే. నీ రిపోర్టు డెవలప్‌మెంట్ మేనేజరు గుండా వడకట్టబడకుండా, రిలీజ్ నిర్ణయించే మనిషికి నేరుగా వెళ్లాలని రాతపూర్వకంగా అడుగు. సైన్-ఆఫ్ పేరుతో అంతా బాగుందని నువ్వు సంతకం పెట్టొద్దు. నీకు తెలిసిన ప్రమాదాలు ఇవీ అని నువ్వు పెట్టు, తెలిసే విడుదల చేస్తున్నానని వాళ్లు పెట్టాలి. వీటో అధికారం అడగకు, అది నీకివ్వరు, ఇవ్వడం మంచిదీ కాదు. మన కాగ్ కూడా ప్రభుత్వ ఖర్చును ఆపలేడు. అయినా సుప్రీంకోర్టు జడ్జిని తీసేసే పద్ధతిలో తప్ప అతన్ని తీసెయ్యడానికి వీల్లేదు, అతని నివేదిక పార్లమెంటు ముందుకు వెళ్లి తీరాలి. ఆపే అధికారం లేకుండా అంత బరువు ఎలా వచ్చిందో ఆలోచించు. ఇవి ఇవ్వం అంటే ఆ పదవి పేరుకే కనుక నిక్షేపంగా వదిలెయ్, నేనే మీ అమ్మకు నచ్చజెబుతాను.

రిలీజ్ రాత్రుళ్లు మాత్రం ఆ కాఫీలు తగ్గించు, నీ కళ్ల కింద నలుపు మొన్న ఫోటోలో నాకు కనబడింది. వారంలో జవాబివ్వాలన్నావు. షరతులతో ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం రాయి, ఒక పేజీ దాటకుండా. పంపే ముందు చిత్తుప్రతి నాకు పంపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న