మూగజీవుల సాక్ష్యం

సంస్కృత వైద్య నిఘంటువులలో గంజాయి మొక్కకు 'విజయ' అని ఒక పేరున్నది. పదహారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన 'భావప్రకాశ' గ్రంథంలో దీని గుణాలను చెబుతూ, ఇది జఠరాగ్నిని, వాక్కును, మదాన్ని, మోహాన్ని పెంచుతుందని పేర్కొన్నాడు. ఆకలి పుట్టించేదీ, మాట పెంచేదీ, మత్తెక్కించేదీ, భ్రాంతి కలిగించేదీ ఒకే మొక్క అన్నమాట. వీటిలో మొదటి మూడూ కొద్ది గంటలలో తగ్గిపోయేవే. నాలుగవదైన మోహం కొందరిలో తగ్గకుండా నిలిచిపోతుందా, నిలిచిపోతే మనోవ్యాధిగా పరిణమిస్తుందా అన్న ప్రశ్న వైద్యశాస్త్రాన్ని చాలాకాలంగా వెంటాడుతున్నది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకే క్రమంలో మనుషులతో పాటు కుక్కలు, కోతులు, ఎలుకలు కూడా సాక్షులుగా నిలువవలసి వచ్చింది.

ఆ సాక్షులలో ఒకటి కలకత్తా నగరంలోని ఒక కుక్క. అక్కడి వైద్య కళాశాలలో ఆచార్యుడుగా ఉన్న ఐరిష్ వైద్యుడు విలియం ఓషానెసీ, గంజాయిని రోగులకు ఇవ్వడానికి ముందు జంతువులపై పరీక్షించి, ఆ ఫలితాలను 1839లో ప్రకటించాడు. నేపాలు నుంచి వచ్చిన చరస్‌ను పది గ్రెయిన్లు, అంటే గ్రాములో మూడింట రెండు వంతుల పాటి, సారాలో కరిగించి ఒక మధ్యరకం కుక్కకు పట్టించాడు. అరగంటలో ఆ కుక్క మందకొడిగా మారింది. కునికిపాట్లు పడుతూ, ఉలిక్కిపడి లేస్తూ, మహాసంతోషంగా ఉన్నట్లు తోక ఊపింది. పెట్టిన తిండిని ఆబగా తిన్నది. పిలిస్తే తూలుతూ నడిచి వచ్చింది. ఆరు గంటలలో మళ్ళీ మామూలుగా అయింది. భావమిశ్రుడు చెప్పిన జఠరాగ్ని, మదం రెండూ ఆ కుక్కలో కనిపించాయి. మోహం సంగతి మాత్రం కుక్క చెప్పలేదు కదా! ఓషానెసీ పిల్లులను, మేకలను, చేపలను, రాబందులను కూడా పరీక్షించాడు. మాంసం తినే జంతువులు త్వరగా మత్తులో పడ్డాయని, గడ్డి మేసే వాటిపై ప్రభావం స్వల్పమని రాశాడు. ఒకే ద్రవ్యం అన్ని ప్రాణులపైనా ఒకే విధంగా పనిచేయదని ఆనాడే గుర్తించిన ఈ మాటను తరువాతి పరిశోధకులు తరచుగా మరచిపోయారు.

ఆ తరువాత అర్ధశతాబ్దికి, గంజాయి మనుషులను పిచ్చివారిని చేస్తున్నదన్న ఆరోపణ బ్రిటిషు పార్లమెంటు దాకా వెళ్ళింది. 1893లో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. ఆ సంఘం దేశంలోని పిచ్చాసుపత్రుల రికార్డులను తెప్పించి, గంజాయి వల్ల మతి చలించిందని నమోదైన ఒక్కొక్క రోగి చరిత్రను తిరిగి విచారించింది. సగానికి పైగా సందర్భాలలో ఆ ఆరోపణకు ఆధారం నిలువలేదు. రోగిని తీసుకొని వచ్చిన పోలీసుల కాగితంలో ఉన్న 'గంజాయి' అన్న ఒక్క మాటే చాలాచోట్ల వ్యాధి కారణంగా రికార్డుకెక్కింది. మనుషుల సాక్ష్యం ఇంత బలహీనమని తేలినప్పుడు సంఘం జంతువుల వైపు చూసింది. కలకత్తాలో డి.డి. కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు ఒక కోతిచేత నెలల తరబడి గంజాయి పొగ పీల్పించి, చివరకు దానిని చంపి మెదడును పరిశీలించాడు. అందులో చెప్పుకోదగిన వికారమేదీ కనిపించలేదు. 1894లో వెలువడిన నివేదిక, మితంగా వాడినప్పుడు హాని దాదాపు లేదని, అమితంగా వాడితే మతి చలించే ప్రమాదమున్నదని చెప్పింది. కోతి మెదడులో మార్పు నిజంగా లేదా, లేక ఆనాటి సూక్ష్మదర్శినికి అందలేదా అన్నది తేల్చే సాధనం అప్పటికి లేదు.

ఇక్కడ వ్యాధిని గురించి కొంత చెప్పుకోవాలి. స్కిజోఫ్రీనియా అనే మాటను స్విట్జర్లాండు వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో వాడుకలోకి తెచ్చాడు. చీలిన మనస్సు అని దాని అర్థం. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుండడమని సినిమాలు చూసినవారు అనుకొంటారు. అది పొరపాటు. ఇక్కడ చీలిపోయేది ఆలోచనకు, అనుభూతికి, వాస్తవానికి మధ్య ఉండే బంధం. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తాయి. ఇరుగుపొరుగువారు తనపై కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం బలపడుతుంది. క్రమంగా మాటలో పొందిక తప్పుతుంది, పనిమీద ఆసక్తి నశిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు ప్రతి 300 మందిలో ఒకరు ఈ వ్యాధికి గురి అవుతున్నారు. చాలామందిలో ఇది పదహారు, ముప్ఫై ఏళ్ళ మధ్య తొలిసారి బయటపడుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి వస్తే దయ్యమనీ, చేతబడి అనీ సంవత్సరాల తరబడి తిరిగి, వైద్యుడి దగ్గరకు ఆలస్యంగా వచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

గంజాయి పనిచేసే తీరు ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో గాని బోధపడలేదు. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ హాషిష్ నుంచి టిహెచ్‌సి అనే పదార్థాన్ని శుద్ధంగా వేరుచేశారు. పరిశోధనకు కావలసిన అయిదు కిలోల హాషిష్‌ను మెషూలమ్ పోలీసుల నుంచే తెచ్చుకొన్నాడు. వేరుచేసిన పదార్థాలను కోతులకు ఇచ్చి చూడగా, వాటిని మత్తులో ముంచినది టిహెచ్‌సి. 1988లో అమెరికాలో అలిన్ హౌలెట్, విలియం డివేన్ ఎలుక మెదడులో ఈ పదార్థం వచ్చి అంటుకొనే గ్రాహకాన్ని గుర్తించారు. ఎక్కడో పెరిగే మొక్కలోని పదార్థానికి మెదడు తలుపు తెరచి ఉంచడమేమిటి? మెదడు తనంతట తాను అటువంటి పదార్థాన్ని తయారు చేసుకొంటూ ఉండాలి. ఆ ఊహ నిజమైంది. 1992లో డివేన్, మెషూలమ్ బృందం పంది మెదడు నుంచి ఆ అణువును వెలికితీసింది. దానికి వారు సంస్కృతంలోని 'ఆనంద' శబ్దాన్ని గ్రహించి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఉపనిషత్తులు మీమాంస చేసిన మాట ఒక రసాయనానికి పేరుగా స్థిరపడిన సందర్భం ఇది.

ఈ అణువు చేసే పని విచిత్రమైనది. నాడీకణాల మధ్య సందేశాలు సాధారణంగా ఒకే దిశలో సాగుతాయి. ఆనందమైడ్, దాని జాతికి చెందిన మరొక అణువు ఎదురు దిశలో పోతాయి. సందేశం అందుకొన్న కణం, పంపిన కణానికి 'ఇక చాలు' అని వెనక్కు కబురు పెడుతుంది. కాలువ చివర రైతు తన మడి నిండగానే తూము దగ్గరి మనిషికి కేకవేసి నీరు తగ్గించమన్నట్లుగా ఉంటుంది ఈ వ్యవహారం. ఆ కేక అవసరమైనచోట, అవసరమైన క్షణంలో మాత్రమే వినబడుతుంది. టిహెచ్‌సి మెదడులో ప్రవేశించినప్పుడు అన్ని తూముల దగ్గరా ఒకేసారి కేక వినబడుతుంది, గంటల తరబడి ఆగదు. ఏ మడికి నీరు కావాలో, ఏ మడికి అక్కరలేదో తెలియని స్థితి ఏర్పడుతుంది. కౌమారదశలో మెదడు ముందు భాగంలోని నాడీబంధాలు తుదిరూపం దిద్దుకొంటూ ఉంటాయి. ఆ పనిలో ఈ 'ఇక చాలు' అనే కబురుకు పాత్ర ఉన్నది. ప్రమాదం ఈ దశలోనే ఎక్కువ కావచ్చునన్న అనుమానం అందువల్ల కలిగింది.

మనుషులలో ఈ అనుమానానికి ఆధారం స్వీడన్ నుంచి వచ్చింది. 1969-70లో సైన్యంలో చేరిన 45,570 మంది యువకులను పదిహేనేళ్ళు గమనించి, 1987లో ఫలితాలు ప్రకటించారు. సైన్యంలో చేరేనాటికి యాభైసార్లకు పైగా గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా, వాడనివారికంటె ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకొన్నప్పుడు ఆ అంతరం సగానికంటె తక్కువకు దిగింది, కాని పూర్తిగా తొలగిపోలేదు. అయినా వాదం ముగియలేదు. గంజాయి వల్ల వ్యాధి వచ్చిందా, లేక వ్యాధి అంకురదశలో కలిగే అశాంతిని అణచుకోవడానికి ఆ యువకులు గంజాయిని ఆశ్రయించారా? తేల్చాలంటే కొందరు పిల్లలకు గంజాయి ఇచ్చి, కొందరికి ఇవ్వక, పదేళ్ళు వేచి చూడాలి. అటువంటి పరీక్షకు ఏ మానవుడూ పూనుకోరాదు. ఎలుక అవసరం ఇక్కడ కలిగింది.

జర్మనీలోని బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో మిరియమ్ ష్నైడర్, మిషాయెల్ కోఖ్ 2003లో ప్రకటించిన ప్రయోగాన్ని చెప్పుకోవాలి. పుట్టిన నలభయ్యవ రోజు నుంచి అరవై అయిదవ రోజు దాకా ఎలుకకు యౌవనారంభ కాలం. ఇంటర్మీడియట్ విద్యార్థి వయస్సుతో దానిని సుమారుగా పోల్చవచ్చు. ఈ ఇరవై అయిదు రోజులలో ఎలుకలకు టిహెచ్‌సి వంటి ప్రభావం గల ఒక కృత్రిమ పదార్థాన్ని ఇరవైసార్లు సూదిమందుగా ఇచ్చారు. మరికొన్ని ఎలుకలకు అదే మందును పెద్దయిన తరువాత ఇచ్చారు. పిదప మందు ఆపి, కొంత వ్యవధి గడిచాక పరీక్షించారు.

పరీక్ష చాలా సరళమైనది. హఠాత్తుగా పెద్ద శబ్దం చేస్తే ఎలుక ఉలిక్కిపడుతుంది. దానికి క్షణంలో కొద్ది భాగం ముందు ఒక చిన్న శబ్దం వినిపిస్తే, ఆ ఉలికిపాటు తగ్గుతుంది. రాబోయేదానిని మెదడు వడగట్టి సిద్ధపడుతుందన్నమాట. స్కిజోఫ్రీనియా రోగులలో ఈ వడపోత సరిగా జరగదని 1978 నాటికే తెలిసింది. మనుషులలో ఉలికిపాటును కనురెప్పపాటును బట్టి కొలుస్తారు. యౌవనారంభంలో మందు పొందిన ఎలుకలు పెద్దవైన తరువాత కూడా ఈ వడపోతను కోల్పోయే ఉన్నాయి. ముందు చూసిన వస్తువును గుర్తుపట్టడంలోనూ తడబడ్డాయి. పెద్దయిన తరువాత మందు పొందిన ఎలుకలలో ఈ లోపాలు కనిపించలేదు. స్కిజోఫ్రీనియాకు వైద్యులు వాడే హాలోపెరిడాల్ అనే ఔషధం ఇవ్వగా, వడపోత లోపం సరి అయింది. ద్రవ్యం ఒకటే, మోతాదు ఒకటే. మారినది వయస్సు.

అయితే ఈ సాక్ష్యానికి హద్దులున్నాయి. తనకు గొంతులు వినిపిస్తున్నాయో లేదో ఎలుక చెప్పలేదు. ఉలికిపాటు వడపోత మరికొన్ని మెదడు వ్యాధులలోనూ దెబ్బతింటుంది. సూదితో ఇచ్చిన కృత్రిమ పదార్థం, మనిషి పీల్చే పొగ ఒకటి కావు. ఎలుకకు స్కిజోఫ్రీనియా వచ్చిందని పత్రికలు రాసినప్పుడు, ఆ మాటను ప్రయోగశాల అనలేదని తెలుసుకోవాలి. ఎలుక చెప్పినదల్లా, ఈ వయస్సులో తగిలిన దెబ్బ తరువాత కూడా మిగిలి ఉంటుందని.

ఒకే గంజాయి ఒకరిని ఏమీ చేయక, మరొకరిని ఎందుకు కూలదోస్తుందన్న ప్రశ్నకూ జంతువులే కొంత సమాధానమిచ్చాయి. న్యూరెగ్యులిన్-1 అనే జన్యువుకు స్కిజోఫ్రీనియాతో సంబంధమున్నట్లు 2002లో ఐస్‌లాండు కుటుంబాలపై జరిగిన పరిశోధనలో తేలింది. ఆ జన్యువు ఒక ప్రతి లోపించిన చుంచెలుకలపై టిహెచ్‌సి ప్రభావం మామూలు చుంచెలుకలపై కంటె తీవ్రంగా ఉన్నదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2007లో చూపించారు. నేల బలహీనంగా ఉన్నచోట గట్టు ముందు తెగుతుంది. ఏ నేల బలహీనమో పైనుంచి చూసి చెప్పే పరీక్ష మనుషులకు ఇంకా ఏర్పడలేదు.

విచిత్రమేమంటే, ఇదే మొక్కలో ఉన్న కానబిడయాల్ అనే మరొక పదార్థం మత్తు కలిగించదు. పైగా మతిభ్రంశానికి విరుగుడుగా పనిచేస్తుందేమోనన్న ఆశ కలిగించింది. బ్రెజిల్‌లో జువార్డి బృందం 1991లో ఎలుకలపైనా, తరువాతి కాలంలో ఇతరులు చుంచెలుకలపైనా చేసిన ప్రయోగాలు ఈ ఆశకు బలమిచ్చాయి. 2012లో జర్మనీలో 42 మంది రోగులపై జరిగిన పరీక్షలో అది వాడుకలో ఉన్న ఒక ఔషధంతో సమానంగా పనిచేసింది. 2018లో రెండు పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. రోజుకు 1000 మిల్లీగ్రాములు పొందిన రోగులలో కొంత మెరుగుదల కనిపించినట్లు 88 మందిపై జరిగిన పరీక్ష తెలిపింది. రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చి 36 మందిపై చేసిన పరీక్షలో ప్రయోజనమేమీ కనిపించలేదు. రెండూ ఆరు వారాల పరీక్షలే. రెండింటిలోనూ పాల్గొన్నవారు యౌవనారంభం దాటి, వ్యాధి బయటపడి, అప్పటికే మందులు వాడుతున్న పెద్దలు. బ్రెమెన్ ఎలుకలు చూపిన వయస్సులో ఉన్నవారు ఈ పరీక్షలలో లేరు.