గేమ్ ఎక్కడుంది? హక్కు ఎక్కడుంది?

హాస్టల్లో ఎవరి చేతిలోనైనా గేమింగ్ కన్సోల్ కనిపిస్తే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని జీబీ?" అని. రెండోది "ఎన్ని గేమ్స్ పడతాయి?" అని. రెండూ మంచి ప్రశ్నలే. మూడోది మాత్రం దాదాపు ఎవరూ అడగరు: "ఇందులో ఉన్న గేమ్స్ నిజంగా నీవేనా?"

ఈ వ్యాసంలో ఆ మూడో ప్రశ్న చూద్దాం. మన క్లాసుల్లో లాగే ముందు డెఫినిషన్, తర్వాత ఉదాహరణలు, కొంచెం లెక్క, చివర్లో మనకి పనికొచ్చే జాగ్రత్తలు. 'స్టోరేజ్'కి 'నిల్వ' అనే చక్కటి మాట ఉందని తెలుసు. కానీ ఇంగ్లిష్ మీడియం నోటికి అలవాటైన మాటలే ఇక్కడ ఎక్కువ వస్తాయి, సర్దుకోండి.

ముందు డెఫినిషన్

ఏ గేమ్‌నైనా రెండు ముక్కలుగా చూడొచ్చు. మొదటిది బిట్స్: ప్రోగ్రామ్, బొమ్మలు, పాటలు, లెవెల్స్, అన్నీ కలిపిన సున్నాలూ ఒకట్లూ. రెండోది అనుమతి: ఆ బిట్స్‌ని నడపడానికి కన్సోల్ ఒప్పుకోవడం.

ఊళ్లో ఉదాహరణ చెప్పాలంటే బిట్స్ పొలం లాంటివి, అనుమతి పట్టాదారు పాస్‌బుక్ లాంటిది. పొలంలో నిలబడినంత మాత్రాన అది మనదైపోదు. పాస్‌బుక్ బీరువాలో భద్రంగా ఉన్నా, పొలం ఏట్లో కోసుకుపోతే పంట రాదు. రెండూ ఉంటేనే వ్యవసాయం. చేతిలో పట్టుకుని ఆడే కన్సోళ్ల చరిత్రలో గత ముప్ఫై అయిదేళ్లలో జరిగింది ఏంటంటే, ఈ రెండూ మెల్లగా ఒకదానికొకటి దూరమయ్యాయి.

రెండూ ఒకే చోట: కార్ట్రిడ్జ్

1989లో నింటెండో 'గేమ్ బాయ్' వచ్చింది. దాని గేమ్స్ ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్‌లో ఉండేవి. లోపల మాస్క్ రామ్ అనే చిప్, అంటే చదవడానికి మాత్రమే వీలున్న మెమరీ. బిట్స్ ఫ్యాక్టరీలోనే చిప్‌లో అచ్చయిపోయి ఉంటాయి, తర్వాత మార్చడం కుదరదు. దానితో పాటు అమ్మిన 'టెట్రిస్' మొత్తం సైజు 32 కేబీ. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫోటో కూడా అంతకంటే పెద్దదే.

ఇక్కడ పొలమూ పాస్‌బుక్కూ ఒకే వస్తువు. కార్ట్రిడ్జ్ ఎవరి దగ్గరుంటే ఆడే హక్కు వాళ్లది. స్నేహితుడికి ఇవ్వొచ్చు, అమ్మొచ్చు, పోగొట్టుకోవచ్చు కూడా. ఎవరినీ అడగక్కర్లేదు.

అలాగని కార్ట్రిడ్జ్ చిరంజీవి అనుకోకూడదు. గేమ్ మాస్క్ రామ్‌లో పదిలంగా ఉన్నా, మనం సేవ్ చేసుకున్న ప్రోగ్రెస్ చాలా కార్ట్రిడ్జ్‌లలో ఎస్‌రామ్ అనే వేరే చిప్‌లో ఉండేది. దానికి కరెంట్ ఆగితే అన్నీ మర్చిపోతుంది. అందుకే లోపల ఒక చిన్న గుండ్రటి బ్యాటరీ పెట్టారు. 'పోకెమాన్ గోల్డ్', 'సిల్వర్' గేమ్స్‌లో పగలు, రాత్రి మారడానికి ఒక గడియారం కూడా ఆ బ్యాటరీ మీదే నడిచేది, అందుకని అది ఇంకా త్వరగా అయిపోయేది. బ్యాటరీ అయిపోతే గేమ్ ఉంటుంది, మన సేవ్ పోతుంది.

డౌన్‌లోడ్ అనే ఆలోచన కూడా మనం అనుకునే దానికంటే పాతది. 2000లో జపాన్‌లో లాసన్ అనే కిరాణా షాపుల్లో నింటెండో ఒక సర్వీస్ పెట్టింది. ఖాళీ ఫ్లాష్ కార్ట్రిడ్జ్ తీసుకెళ్లి, షాపులో ఉన్న మెషీన్ దగ్గర డబ్బు కడితే గేమ్ బాయ్ గేమ్ అందులోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. మన దగ్గర ఒకప్పుడు మొబైల్ షాపులో మెమరీ కార్డ్‌లోకి పాటలు ఎక్కించుకున్నట్టే, కాకపోతే ఇది కంపెనీ అధికారికంగా చేసింది.

విడిపోవడం మొదలు

2004 చివర్లో జపాన్‌లో సోనీ పీఎస్‌పీ వచ్చింది. గేమ్స్ 'యూఎండీ' అనే చిన్న డిస్క్‌లో ఉండేవి, ఒక్కోదాంట్లో 1.8 జీబీ దాకా పట్టేది. సేవ్‌లకీ డౌన్‌లోడ్‌లకీ మెమరీ స్టిక్ విడిగా ఉండేది. 2009లో సోనీ 'పీఎస్‌పీ గో' తెచ్చింది. డిస్క్ పెట్టే చోటే లేదు, లోపల 16 జీబీ ఫ్లాష్ మెమరీ, అన్నీ డౌన్‌లోడ్లే. అప్పటికే అల్మారా నిండా యూఎండీలు కొనుక్కున్న వాళ్లకి ఇందులో వాటిని పెట్టే దారే లేదు. అది పెద్దగా అమ్ముడుపోలేదు.

2011లో జపాన్‌లో మొదలైన పీఎస్ వీటా ఇంకో పాఠం. దానికి మామూలు మైక్రోఎస్‌డీ కార్డ్ పనిచేయదు, సోనీ సొంత మెమరీ కార్డే కొనాలి. అమెరికాలో మొదట 32 జీబీ కార్డ్ ధర దాదాపు 100 డాలర్లు. పైగా ఆ కార్డ్ ఒక ప్లేస్టేషన్ అకౌంట్‌కి కట్టుబడి ఉంటుంది. అంటే బిట్స్ మన చేతిలో ఉన్న కార్డ్‌లోనే ఉన్నా, పాస్‌బుక్ మాత్రం కంపెనీ సర్వర్లో అకౌంట్ పేరు మీదకి వెళ్లిపోయింది.

కొంచెం లెక్క

2017 మార్చి 3న నింటెండో స్విచ్ వచ్చింది. డబ్బా మీద 32 జీబీ అని ఉంటుంది. ఆన్ చేస్తే గేమ్స్‌కి మిగిలేది దాదాపు 26 మాత్రమే. మోసం అనుకోకండి, రెండు కారణాలున్నాయి.

ఒకటి: అమ్మేవాళ్లకి ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు, అంటే పది టు ది పవర్ తొమ్మిది. చాలా సిస్టమ్‌లు మాత్రం రెండు టు ది పవర్ ముప్ఫైని ఒక జీబీగా లెక్కేస్తాయి, దాని అసలు పేరు గిబీబైట్. 32 వందల కోట్ల బైట్లని దానితో భాగిస్తే 29.8 వస్తుంది. రెండు: ఆపరేటింగ్ సిస్టమ్ తన చోటు తను తీసుకుంటుంది.

ఇప్పుడు 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' విడుదలైనప్పటి డౌన్‌లోడ్ సైజు 13.4 జీబీ. అంటే అందులో నాలుగు లక్షలకు పైగా టెట్రిస్‌లు పడతాయి! రోజుకి 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో దించాలంటే తొమ్మిది రోజులు పడుతుంది, అదీ రీల్స్ ఒక్కటి కూడా చూడకుండా ఉంటేనే. అదే 40 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ అయితే? ఎంబీపీఎస్‌లో ఉన్నవి బిట్స్, జీబీలో ఉన్నవి బైట్స్. కాబట్టి 13.4ని 8తో గుణించి, ఎంబీల్లోకి మార్చి, 40తో భాగిస్తే 2,680 సెకన్లు, అంటే దాదాపు ముప్పావు గంట. ఈ ఎనిమిదితో గుణించడం మర్చిపోయేవాళ్లే "నెట్ స్లో" అని ఎక్కువ తిట్టేది.

కార్డ్ తీసి వేరేదాంట్లో పెడితే?

స్విచ్‌లో మైక్రోఎస్‌డీ కార్డ్ వేసి గేమ్స్ దించుకున్నాం అనుకోండి. అదే కార్డ్ ఫ్రెండ్ స్విచ్‌లో పెడితే ఆ గేమ్స్ నడవవు. ఎందుకు?

గేమ్ ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, అంటే తాళం వేసి ఉంటాయి. ఆ తాళంచెవి 'టికెట్' అనే చిన్న ఫైల్ ద్వారా వస్తుంది. మన అకౌంట్ చూసి, ఫలానా కన్సోల్‌కి ఫలానా గేమ్ ఆడే అర్హత ఉందని సర్వర్ ఆ టికెట్ ఇస్తుంది. పైగా కార్డ్ మీద ఉన్న డేటా ఆ కన్సోల్‌తోనే ముడిపడి ఉంటుంది. కార్డ్ కాపీ చేస్తే పొలం ఫోటో తీసుకున్నట్టే. బస్సు టికెట్ జిరాక్స్ తీసి వేరేవాళ్లని ఎక్కించలేం కదా.

ఇంకో ముఖ్యమైన సంగతి: స్విచ్‌లో సేవ్ డేటా మైక్రోఎస్‌డీలోకి వెళ్లదు, కన్సోల్ లోపలి మెమరీలోనే ఉంటుంది. కార్డ్ పోతే గేమ్ మళ్లీ దించుకోవచ్చు. కన్సోల్ పోతే, క్లౌడ్ బ్యాకప్ లేకపోతే, వంద గంటల ఆట గోవిందా.

దుకాణం కట్టేస్తే

సర్వర్ ఉన్నంతకాలం ఇదంతా బాగానే నడుస్తుంది. సర్వర్ ఖర్చుతో కూడుకున్నది, ఏదో ఒక రోజు కంపెనీ దాన్ని ఆపుతుంది.

నింటెండో డీఎస్‌ఐ షాప్ 2017 మార్చి 31న మూతపడింది. 2021 మార్చిలో సోనీ పీఎస్‌3, వీటా, పీఎస్‌పీ షాపులు మూసేస్తామని చెప్పింది. ఆటగాళ్లు గట్టిగా గోల చేశాక ఏప్రిల్‌లో వెనక్కి తగ్గి పీఎస్‌3, వీటా షాపులు ఉంచింది. 2023 మార్చి 27న నింటెండో 3డీఎస్ షాపులో కొత్తగా కొనడం ఆగిపోయింది. అంతకుముందు కొన్నవి మళ్లీ దించుకోవడానికి మాత్రం వీలు ఉంచారు. అయితే కార్ట్రిడ్జ్ రూపంలో ఎప్పుడూ రాని గేమ్స్ కొన్ని ఆ షాపులోనే ఉండేవి. కొనని వాళ్లకి అవి ఇక అధికారికంగా దొరికే దారి లేదు.

ఇది ఆటల సరదా మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన పాత గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని తేలింది. పాత తెలుగు సినిమాల నెగెటివ్‌లు పోయాయని మనం బాధపడతాం కదా, అలాంటిదే ఇది కూడా.

చట్టం కూడా ఈ మధ్యే కళ్లు తెరిచింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక రూల్ అమల్లోకి వచ్చింది. డిజిటల్ వస్తువుని అమ్మేటప్పుడు 'బై' అనే మాట వాడాలంటే, ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. మన భాషలో దీనికి ఎప్పట్నుంచో మంచి మాట ఉంది: కౌలు. కౌలు తప్పేం కాదు, ఎంతోమంది బతుకుతున్నది దాని మీదే. కానీ కౌలుకి తీసుకుంటూ కొన్నామనుకోవడం ప్రమాదం.

స్విచ్ 2లో లెక్క తలకిందులు

2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. లోపల 256 జీబీ. చాలకపోతే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే వేయాలి, మన ఫోన్లలో వాడే పాత రకం కార్డ్‌లో గేమ్స్ దించుకోవడం కుదరదు. కారణం స్పీడ్. పాత రకం యూహెచ్‌ఎస్-1 బస్ సెకనుకి 104 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎక్స్‌ప్రెస్ రకం ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ వాడే పద్ధతిలోనే మాట్లాడుతుంది, గరిష్ఠంగా 985 ఎంబీ దాకా వెళ్తుంది.

దీంతో పాటు 'గేమ్-కీ కార్డ్' అని ఒకటి వచ్చింది. షాపులో డబ్బా కొంటాం, లోపల కార్డ్ ఉంటుంది, కానీ కార్డ్‌లో గేమ్ ఉండదు! కార్డ్ పెడితే గేమ్ నెట్ నుంచి దిగుతుంది. ఆ తర్వాత కూడా ఆడిన ప్రతిసారీ కార్డ్ పెట్టే ఉంచాలి. మొత్తం ఒకచోట పెడితే ఇలా ఉంటుంది:

• పాత కార్ట్రిడ్జ్: బిట్స్ చేతిలో, అనుమతి చేతిలో. అరువు ఇవ్వొచ్చు. సర్వర్ ఆగినా ఆడొచ్చు.
• మామూలు డౌన్‌లోడ్: బిట్స్ మన కార్డ్‌లో, అనుమతి అకౌంట్‌లో. అమ్మలేం. సర్వర్ పూర్తిగా ఆగితే, డిలీట్ చేసింది తిరిగి రాదు.
• గేమ్-కీ కార్డ్: అనుమతి చేతిలో, బిట్స్ సర్వర్లో. అరువు ఇవ్వొచ్చు, అమ్మొచ్చు. కానీ సర్వర్ ఆగాక కొన్నవాడికి మిగిలేది ప్లాస్టిక్ ముక్కే.

మొదటిసారి పాస్‌బుక్ మన చేతికొచ్చి, పొలం దూరంగా పోయిందన్నమాట.

డౌన్‌లోడ్ గేమ్స్‌ని కూడా కార్డుల్లా చూపించే 'వర్చువల్ గేమ్ కార్డ్' పద్ధతి నింటెండో 2025లోనే తెచ్చింది. ఫ్యామిలీ గ్రూప్‌లో ఉన్నవాళ్లకి ఒక గేమ్‌ని 14 రోజులు అరువివ్వొచ్చు. మంచిదే. కాకపోతే అరువు గడువు, ఎవరు ఫ్యామిలీ అన్నది కంపెనీ రాసిన రూల్స్ ప్రకారం నడుస్తాయి.

మనకేంటి?

మన ఇళ్లల్లో వస్తువులకి ఒక ప్రయాణం ఉంటుంది. అక్క సైంటిఫిక్ కాలిక్యులేటర్ తమ్ముడికి, అన్నయ్య సైకిల్ బాబాయి కొడుక్కి, సీనియర్ల పుస్తకాలు జూనియర్లకి వెళ్తాయి. మన దగ్గర కన్సోళ్లు కూడా ఎక్కువగా ఇలాగే చేతులు మారుతుంటాయి, అమెరికా నుంచి వచ్చిన బావ వదిలేసి వెళ్లినవో, సెకండ్ హ్యాండ్‌వో. కన్సోల్ చేతులు మారుతుంది, కార్ట్రిడ్జ్‌లు మారతాయి. అకౌంట్‌లో ఉన్న గేమ్స్ మాత్రం అకౌంట్‌తోనే ఉండిపోతాయి. కాబట్టి:

1. సెకండ్ హ్యాండ్ కన్సోల్ కొంటే "లోపల ఇరవై గేమ్స్ ఉన్నాయి" అనే మాటకి ఎక్స్‌ట్రా డబ్బు ఇవ్వకండి. పాత ఓనర్ అకౌంట్ తీసేస్తే అవి ఆడలేరు.
2. డబ్బా వెనక చదవండి. మొత్తం గేమ్ కార్డ్‌లో ఉందా, కొంత దించుకోవాలా, అంతా దించుకోవాలా?
3. షాప్ మూసేస్తామని ప్రకటన వస్తే, కొన్నవన్నీ అప్పుడే దించి పెట్టుకోండి.
4. సేవ్ ఎక్కడుందో, దానికి బ్యాకప్ ఉందో లేదో ముందే చూసుకోండి.
5. ఫ్లాష్ మెమరీ బిట్స్‌ని ఎలక్ట్రికల్ చార్జ్‌గా దాస్తుంది, ఏళ్లు గడిస్తే అది మెల్లగా కారిపోవచ్చు. వాడని కార్డ్‌ని పదేళ్లు బీరువాలో పెట్టి నమ్ముకోకండి.

డౌన్‌లోడ్ చేసుకోవద్దని నేను చెప్పట్లేదు. చిన్న టీమ్‌లు చేసిన ఎన్నో మంచి గేమ్స్ అసలు డౌన్‌లోడ్ లేకపోతే మనదాకా వచ్చేవే కావు. కానీ మన బ్యాచ్‌లో సగం మంది రేపు ఇలాంటి సర్వర్లు, స్టోర్లు రాసే ఉద్యోగాల్లోనే ఉంటాం. ఏ టికెట్ ఎన్నాళ్లు చెల్లాలి, సర్వర్ ఆపిన రోజు కొన్నవాడికి ఏం మిగలాలి అనే ప్రశ్న అప్పుడు ఏదో డిజైన్ డాక్యుమెంట్‌లో ఒక లైన్‌గా మన ముందుకే వస్తుంది. ఆ లైన్ రాసేటప్పుడు, అక్క కన్సోల్ అందుకున్న తమ్ముడు ఒకడుంటాడని గుర్తుంటే చాలు.